కింద కూర్చుని పని చేస్తే కాలు తిమ్మిరెక్కుతోందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కలంకారీ పని చేస్తాను. చాప మీద బాసింపట్టు వేసుకుని, చిన్న బల్లపై గుడ్డ పరుచుకుని రోజూ ఆరేడు గంటలు వంగి గీస్తాను. లేచేసరికి ఎడమ కాలు తిమ్మిరెక్కి అడుగు పడదు, నడుము పట్టేస్తుంది. ఇంట్లోవాళ్లు కుర్చీ వేసుకోమంటున్నారు. కింద కూర్చోవడం మానేయాలా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: మానక్కర్లేదు. కూర్చునే ఎత్తు మార్చండి, కదలకుండా కూర్చునే సేపు తగ్గించండి. తుంటి కీళ్లు బిగుసుకున్నవాళ్లు ఉత్త చాప మీద కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి, కటి వెనక్కి ఒరుగుతుంది, నడుములో సహజంగా ఉండే లోవంపు పోతుంది. ఆపైన ముందుకు వంగితే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని ఇలాగే వంగినా ఇదే నొప్పి.

మందపాటి దుప్పటి 4 నుంచి 6 అంగుళాల ఎత్తు వచ్చేలా మడిచి, దాని ముందు అంచు మీద కూర్చోండి. మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగాలి. దిగకపోతే ఇంకో మడత వేయండి. దూది దిండు వద్దు, కాసేపటికే అణిగిపోతుంది. బల్ల మోచేతి ఎత్తుకు రావాలి. వాలుగా పెడితే రంగు జారుతుంది కాబట్టి నాలుగు కాళ్ల కిందా చెక్కలు పెట్టి సమంగా లేపండి. ఇరవై నిమిషాలకోసారి కాళ్లు మార్చండి, ముక్కాలు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. గుడ్డ ఉతికే పని, రంగు కాచే పని మధ్యమధ్యలో పెట్టుకుంటే లేవడం దానంతటదే అవుతుంది.

ఇక తిమ్మిరి. మోకాలికి బయటివైపు, కాస్త కింద వేలితో తడిమితే చిన్న ఎముక గుబ్బ తగులుతుంది. పాదాన్ని పైకెత్తే నరం దాన్ని చుట్టుకుని, చర్మం కిందే వెళ్తుంది. ఆ చోటు రెండో కాలికో నేలకో అదిమితే పాదం మొద్దుబారుతుంది. అలాంటప్పుడు గబుక్కున లేవకండి, చీలమండ మెలిపడుతుంది. కాలు చాపి, పాదాన్ని ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడించి, స్పర్శ వచ్చాకే లేవండి. మడమల మీద నడవలేకపోయినా, నడుస్తుంటే ఆ కాలి చెప్పు జారిపోతున్నా ఆలస్యం చేయొద్దు. తిరుపతి స్విమ్స్‌లో నరాల విభాగం ఉంది, వెంటనే చూపించుకోండి.

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. మోకాళ్లు అరిగాయన్నారు. వ్రతానికి పీట మీద కూర్చోవచ్చా? పుత్తూరు కట్టు కట్టిస్తే తగ్గుతుందా?
– పలమనేరు పాఠకుడు

జవాబు: పీట ఎత్తు రెండు మూడు అంగుళాలే, మోకాలు పూర్తిగా మడతపడక తప్పదు. అరిగిన మోకాలికి ఆ మడత, లేచేటప్పుడు పడే బరువు రెండూ నొప్పే. దేవుడి పటాన్ని బల్ల మీద పెట్టి, ఆమెను చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. పుత్తూరు కట్టుకు పేరొచ్చింది విరిగిన ఎముకలకు. అరిగిన మృదులాస్థి కట్టుతో తిరిగిరాదు. తొడ ముందు కండకు బలం రావాలి: కుర్చీలో కూర్చుని కాలు చాపి, ఐదు లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేయించండి.