పీఐడీల వరస చెరిపే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చదువుకోవడానికి వాడే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 కెర్నల్‌లో (దాని గుండెకాయలో), నడిచే ప్రతి ప్రోగ్రాంకి, అంటే ప్రాసెస్‌కి, ఇచ్చే గుర్తింపు నంబర్లు పీఐడీలు వరసగా కాకుండా ర్యాండమ్‌గా ఇచ్చేలా మారుస్తున్నానని రాశావు. చాలా సంతోషం. కానీ 'ఒక్క లైనే కదా' అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇప్పుడు పీఐడీలు ఇచ్చే అలాక్‌పిడ్ ఫంక్షన్ కౌంటర్‌లో ఉన్న నంబరు ఇచ్చేసి, ఒకటి కలిపి ఊరుకుంటుంది. ఆ నంబరు ఇంకెవరి దగ్గరైనా ఉందా అని చూడదు. పెరుగుతూ పోయే లెక్క కాబట్టి చూడక్కర్లేదు. నువ్వు ర్యాండమ్ చేసిన క్షణం నుంచి చూడక తప్పదు. ఒకేసారి ప్రాసెస్‌లు ఉండగల స్లాట్లు 64, నంబర్లు 99,999 దాకా పెట్టుకున్నావు. ఒక్కో ఫోర్క్‌కి, అంటే కొత్త ప్రాసెస్ పుట్టిన ప్రతిసారీ, ఢీకొనే అవకాశం వెయ్యికి ఒకటి కూడా లేదు, నిజమే. ఫోర్క్‌లు వేలల్లో జరుగుతాయని మర్చిపోకు.

సరే, ప్రాసెస్ టేబుల్ (ఆ 64 స్లాట్ల పట్టిక) మొత్తం తిరిగి చూద్దామంటావు. అక్కడ గొయ్యి ఉంది. కొత్త ప్రాసెస్‌కి స్లాట్ కేటాయించే అలాక్‌ప్రాక్ ఆ స్లాట్ లాక్ (ఒకసారికి ఒకరే ముట్టుకునేలా కాపాడే తాళం) చేతిలో పట్టుకునే అలాక్‌పిడ్‌ని పిలుస్తుంది. టేబుల్ తిరుగుతూ అదే లాక్ మళ్ళీ అడిగావో, కెర్నల్ పానిక్ అయి అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ ఒక్క స్లాటూ దాటేశావనుకో, రెండు సీపీయూలు ఒకదాని లాక్ కోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోతాయి. అందుకని వాడుకలో ఉన్న పీఐడీలకి వేరే చిన్న అరే పెట్టుకో. దానికి అలాక్‌పిడ్ వాడే పీఐడీ లాక్ ఒక్కటే కాపలా. పోయిన ప్రాసెస్ స్లాట్‌ని ఖాళీ చేసే ఫ్రీప్రాక్ పీఐడీని సున్నా చేసేముందే అరేలోంచి తీసెయ్. ముందు స్లాట్ లాక్, తర్వాత పీఐడీ లాక్. ఈ వరస ఎక్కడా తిరగబడకూడదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఖాళీ అయిన నంబరు. వరసలో ఇస్తే, పోయిన ప్రాసెస్ నంబరు ఓ పెద్ద చుట్టు తిరిగితేగానీ మళ్ళీ రాదు. ర్యాండమ్‌లో మరుక్షణమే రావచ్చు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఎప్పుడో ఆగిపోయిన ఒక ప్రోగ్రాం పీఐడీ ఫైల్‌లో అలాగే మిగిలిపోయింది. రాత్రి నడిచే స్క్రిప్టు ఆ ఫైల్ చదివి ఆ నంబరుకి కిల్ (ఆగిపొమ్మనే సంకేతం) పంపింది. అప్పటికే ఆ నంబరు డేటాబేస్‌కి వచ్చి ఉంది. తెల్లవారుజామున మూడింటికి ఫోను. డేటా మొత్తం సరిచూసుకునే సరికి మధ్యాహ్నమైంది. అది వరసగా ఇచ్చే సిస్టమ్‌లోనే జరిగింది తల్లీ, ఇక నీదాన్లో ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించు.

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏళ్ళ తరబడి పీఐడీలు ర్యాండమ్‌గానే ఇస్తున్నారు. వాళ్ళ కోడ్‌లో ఈమధ్యే ఖాళీ అయిన నంబర్ల చిట్టా ఒకటుంది, అందులో ఉన్నదాన్ని అప్పుడే మళ్ళీ ఇవ్వరు. ప్రాసెస్ పోయినా దాని నంబరుతో ప్రాసెస్‌ల గ్రూపు మిగిలుంటే అదీ ఇవ్వరు. మొదటి ప్రాసెస్ ఇనిట్‌కి మాత్రం ఎప్పుడూ 1. నువ్వూ అలాంటి చిట్టా పెట్టుకో. ఆ ఫంక్షన్లు చాలా చిన్నవి, ఈ రాత్రే తెరిచి చదువు.

ర్యాండమ్ నంబరు ఎక్కడినుంచి తెస్తావో రాయలేదు. కోడ్‌లో సీడ్ (ర్యాండమ్ లెక్క మొదలయ్యే నంబరు) రాసిపెడితే ప్రతి బూట్‌కీ అవే పీఐడీలు వస్తాయి, పడ్డ కష్టమంతా వృథా. నువ్వు ఎక్స్‌వీ6 నడిపే వర్చువల్ మెషీన్ క్యూఈఎమ్‌యూలో ర్యాండమ్ నంబర్లిచ్చే వర్ట్‌ఐఓ ఆర్‌ఎన్‌జీ పరికరం ఉంది. డిస్క్ డ్రైవర్ చూసి దీనికో డ్రైవర్ రాయగలవు.

ఇంకోటి. పీఐడీ ఊహకి అందదు కదా అని దాన్ని రహస్యంలా వాడుకోనివ్వకు. 2006లో డెబియన్ లినక్స్‌లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి చేసిన ఒక మార్పు వల్ల రహస్య కీల తయారీలో ర్యాండమ్‌గా మిగిలింది పీఐడీ ఒక్కటే. అంటే ఒక్కో రకం మెషీన్‌లో, ఒక్కో సైజు కీకి 32,768కి మించి రకాలు లేవు. 2008 మేలో బయటపడేదాకా ఆ కీలనే జనం వాడారు. పీఐడీ అనేది పీఎస్ కమాండ్ కొడితే కనిపించేదే. అందరూ వాడే తాత్కాలిక ఫోల్డర్ /టీఎంపీలో ఫైల్ పేరుకి తగిలించడానికి కూడా పనికిరాదు.

టెస్ట్ చేసేటప్పుడు పీఐడీ గరిష్ఠాన్ని 100కి దించి, చిట్టాలో 16 నంబర్లు పెట్టి, వరసగా ఫోర్క్‌లు చేసే ఫోర్క్‌టెస్ట్ ప్రోగ్రాం నడుపు. ఢీకొనడాలు వెంటనే కనిపిస్తాయి. 80కన్నా దించకు. బతికున్నవీ చిట్టాలోవీ కలిసి నంబర్లన్నీ నింపేస్తే, నీ లూప్ లాక్ పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది. లాగ్ నాకు పంపు, ఆదివారం కూర్చుని ఇద్దరం చూద్దాం.

మీ మామయ్య