దెయ్యాల కొంప రీమేక్ మీద రాయబోతున్న నీకు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. 1999లో వచ్చిన ‘ది హాంటింగ్’ చూశాననీ, అక్కడక్కడా బాగానే నచ్చిందనీ, అందరూ తిట్టిపోస్తున్న సినిమా నచ్చిందని రాయడానికి మొహమాటంగా ఉందనీ అన్నావు. 1963 నాటి పాత సినిమాను నాలుగు మాటలు పొగిడి, కొత్తదాన్ని నాలుగు మాటలు తిట్టి ముగించేస్తే ఏ గొడవా ఉండదు కదా బాబాయ్ అని కూడా అడిగావు. అలా మాత్రం రాయకు తల్లీ. పాతది గొప్పది, కొత్తది చెత్త అని ఎవరైనా అనగలరు. అనడానికి రెండు సినిమాలూ చూడనక్కర్లేదు కూడా. కొత్త సినిమా ఏ సీన్ దగ్గర, ఎలాంటి నిర్ణయం తీసుకుని పట్టు కోల్పోయిందో నువ్వు చూపించగలిగితే చదివేవాళ్లకు ఏదైనా మిగులుతుంది. ఏళ్ల తరబడి సినిమాల గురించి రాస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చిన పద్ధతే నీకు చెబుతాను.

ముందు టైటిల్స్ జాగ్రత్తగా చదువు. మనం రీమేక్ అంటున్నాం గానీ, 1999 సినిమా తనకు ఆధారంగా చెప్పుకున్నది షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ నవలని. పాత సినిమాకీ మూలం అదే. దెయ్యాలున్నాయని పేరుపడ్డ హిల్ హౌస్ అనే ఇంట్లో అసలు సంగతి తేల్చుకోవాలని ఒక డాక్టరు ఎలినార్, థియో అనే ఇద్దరు ఆడవాళ్లతో సహా కొందరిని అక్కడికి రప్పించే కథ. వీలైతే నవల కూడా చదివెయ్, పెద్దదేం కాదు. చదివితే పాత సినిమా తీసిన రాబర్ట్ వైజ్ కూడా నవలను ఉన్నదున్నట్టు తీయలేదని నీకే తెలుస్తుంది. నవలలో డాక్టరు గారి భార్య దెయ్యాలతో మాట్లాడతానంటూ ప్లాంచెట్, అంటే ఆత్మల చేత జవాబులు రాయించే చిన్న చెక్క, పట్టుకుని వస్తుంది. వైజ్ సినిమాలో ఆవిడకు దెయ్యాల మీద నమ్మకమే లేదు. డాక్టరు పేరు కూడా మారిపోయింది. అందుకని, ‘కథ మార్చేశారు’ అన్న ఒక్క కారణంతో రీమేక్‌ని తప్పుపట్టకు. మార్చడం అందరూ చేసే పనే. మార్చినందువల్ల కథలో ఏం పోయింది, ఏం వచ్చి చేరింది అన్నది నీ ప్రశ్న కావాలి.

రెండో మాట గ్రాఫిక్స్ గురించి. ‘పాతవాళ్ల దగ్గర టెక్నాలజీ లేదు, అందుకే దెయ్యాన్ని చూపించకుండా ఊహకు వదిలేశారు’ అని చాలామంది రాస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ అది వైజ్‌కి అన్యాయం చేసే మాట. ఆయన ‘సిటిజన్ కేన్’కి ఎడిటింగ్ చేసిన మనిషి. దర్శకుడిగా తొలి పాఠాలు ఆర్‌కేఓ స్టూడియోలో, తక్కువ ఖర్చుతో నీడలనూ చప్పుళ్లనూ నమ్ముకుని భయపెట్టిన నిర్మాత వాల్ లూటన్ దగ్గర నేర్చుకున్నాడు. 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ అంత పెద్ద సినిమా చేశాక ఈ కథ ఎత్తుకున్నాడు. ఇంగ్లండ్‌లోని ఎటింగ్టన్ పార్క్ అనే భవనాన్ని బయటి నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద తీశాడు. ఆకాశం నల్లబడి, రాతిగోడ బతికున్నదానిలా ముందుకు వస్తుంది. కెమెరా లెన్స్‌లు చేసే పానావిజన్ కంపెనీ వాళ్లు ఇంకా సిద్ధం కాలేదన్న 30 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్స్‌ని, అంచుల దగ్గర బొమ్మ వంకరపోతుందని తెలిసీ అడిగి తెచ్చుకున్నాడు. ఆయనకు కావలసింది ఆ వంకరే. తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబికే సీన్ గుర్తుందా? పొరలు పొరలుగా అతికించిన చెక్కతో తలుపు చేయించి, వెనక నుంచి మనిషి చేత నెట్టించారు. ఇవన్నీ ఆ కాలపు స్పెషల్ ఎఫెక్ట్సే. చూపించే దారి లేక ఆయన ఆగిపోలేదు. చూపించకూడదని తేల్చుకుని, ఆ పట్టుదల మీద సినిమా మొత్తం నడిపాడు.

ఇక నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు చెబుతాను. పాత సినిమాలో మొదటి రాత్రి గోడల మీద దబదబ చప్పుడు వచ్చే సీన్ ఉంది కదా, దాన్ని ఒకసారి బొమ్మ కనపడకుండా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. చప్పుడు దూరం నుంచి మొదలై, వరండా వెంబడి ఒక్కో తలుపూ తట్టుకుంటూ వచ్చి, గది ముందు ఆగుతుంది. ఎలినార్ ఏళ్లపాటు మంచాన పడ్డ తల్లికి సేవ చేసింది. ఆ తల్లి ఏం కావాలన్నా గోడ మీద కొట్టి పిలిచేది. చనిపోయిన రాత్రి కూడా కొట్టింది, ఎలినార్ లేవలేదు. మెలకువ వచ్చి ఊరుకుందా, నిజంగానే వినపడలేదా అన్నది ఆమెకే తెలియదు. ఇప్పుడు హిల్ హౌస్‌లో గోడ మోగుతుంటే నిద్రమత్తులో అది తల్లి పిలుపే అనుకుంటుంది. అంటే భయం ఆ ఇంట్లో ఎంత ఉందో ఆమె లోపలా అంతే ఉంది. ఏది ఎక్కడ మొదలైందో చివరిదాకా మనం తేల్చుకోలేం. చీకట్లో థియో చేయి గట్టిగా పట్టుకుని పడుకుని, లైటు వెలిగాక థియో గదికి అవతలి వైపు ఉందని చూసే సీన్ కూడా అలాంటిదే. ఆమె పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెర మీద కనపడదు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇదే కళ్లతో రీమేక్‌లోకి రా. తల్లి ఉంది, ఆమెకు చేసిన సేవ ఉంది, పాపం లిలీ టేలర్ ఎలినార్ పాత్రను ఎంతో నిజాయితీగా చేసింది కూడా. కానీ కథ ముందుకు పోయేకొద్దీ ఎలినార్‌కి ఒక పని అప్పజెప్పారు. ఇల్లు కట్టిన హ్యూ క్రెయిన్ పిల్లల్ని చంపిన రాక్షసుడనీ, ఆ పిల్లల ఆత్మలు ఇంట్లో చిక్కుకున్నాయనీ, ఎలినార్ క్రెయిన్ రెండో భార్య వంశంలో పుట్టిందనీ తేలుతుంది. ఆమె దుష్టుడిని ఎదిరించి పిల్లల్ని విడిపిస్తుంది. నా ఉద్దేశంలో సినిమా ఓడిపోయింది ఇక్కడే. గోడల మీద చెక్కిన బొమ్మలు కళ్లు తిప్పడం వల్లా, మంచం బోను అయిపోవడం వల్లా కాదు. ఎలినార్ మనసు చెదిరిందా, ఇల్లు ఆమెను పిలుస్తోందా అన్న అనుమానం చచ్చిపోయాక ఇంట్లో భయపడటానికి ఇంకేం లేదు. ఎవరు మంచివాళ్లో, ఎవరు చెడ్డవాళ్లో తెలిసిన కథలో గెలుపు కోసం ఎదురుచూస్తాం గానీ జడుసుకోం. గ్రాఫిక్స్ ఎంత బాగున్నా ఈ లోటు తీరేది కాదు. నువ్వు వేరే చోట పట్టుకుంటే అదే రాయి, నాతో ఒప్పుకోవాలని లేదు. ఒక చోటు మాత్రం పట్టుకో.

నీకు నచ్చినవి దాచుకోకు. ఆ సెట్లు నిజంగా గొప్పవి. ఆర్ట్ డైరెక్షన్ చేసిన యూజినియో జానెట్టి పేరు రాయడం మర్చిపోకు. బయట కనిపించేది ఇంగ్లండ్‌లోని హార్లాక్స్‌టన్ మేనర్. లోపలి హాలు కోసం అమెరికాలోని లాంగ్ బీచ్‌లో ఒకప్పుడు హోవర్డ్ హ్యూస్ భారీ విమానాన్ని ఉంచిన డోమ్‌లో సెట్ వేశారు. నీళ్లు నిండిన నడవాలో పుస్తకాల మీద అడుగులేసుకుంటూ దాటడం, గిరగిర తిరిగే అద్దాల గది, ఇవి పాత సినిమాలో లేని ఊహలు. మొదట్లో దుప్పటి కింద పిల్లవాడి ముఖం ఆకారం కదిలే సీన్ నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే అక్కడింకా సినిమా మనతో గుట్టుగానే ఉంది. రోజర్ ఈబర్ట్ అంతటి విమర్శకుడు ఈ సినిమాను సెట్లూ సౌండూ కోసం చూడమనే రాశాడు. కాబట్టి నువ్వేమీ ఒంటరివి కావు. అదే సినిమాకు ఆ ఏటి చెత్త సినిమాల అవార్డు, రాజీకి 5 నామినేషన్లు వచ్చాయి. రెండూ రాయి. ఒకదాని వెనక దాక్కుని రెండోదాన్ని వదిలెయ్యకు.

దర్శకుడు యాన్ డి బాంట్ గురించి రెండు వాక్యాలు చాలు. ‘స్పీడ్’, ‘ట్విస్టర్’ తీసినవాడు, పరుగు ఆయన బలం. కదలకుండా కూర్చుని వినాల్సిన కథ ఆయన చేతిలో పడింది.

డబ్బు లెక్కలు మాత్రం పొడిపొడిగా చాలు. పాతది సుమారు 10 లక్షల డాలర్లలో అయింది, కొత్తదానికి దాదాపు 8 కోట్ల డాలర్లు పెట్టారు. కొత్తది డబ్బుపరంగా మునిగిపోలేదు, ప్రపంచమంతటా 17 కోట్లకు పైగానే తెచ్చింది. జనం ఎగబడి చూశారంటే దెయ్యాల కొంప మీద మోజు ఎక్కడికీ పోలేదనే. అదే 1999 జూలైలో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ అడవిలో దేన్నీ చూపించకుండా జనాన్ని హడలెత్తించింది. ‘ఈ కాలం ప్రేక్షకులకు అన్నీ కళ్లెదుట చూపించాలి’ అని రీమేక్‌ని వెనకేసుకొచ్చేవాళ్లకు నువ్వు ఇవ్వాల్సిన జవాబు ఇదే. ఈ పోలిక తప్పకుండా వాడు.

రాసేటప్పుడు ‘భయం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది’ అని రాసి తప్పించుకోకు. ఉంటుంది, అందరికీ తెలుసు. నీకు ఎక్కడ గుండె ఝల్లుమంది, ఎక్కడ ఫోన్ వైపు చెయ్యి పోయింది, అది చెప్పు. చూస్తున్నప్పుడే కాగితం మీద గీసుకుంటే మంచిది, సినిమా అయ్యాక గుర్తున్నదంతా క్లైమాక్సే అవుతుంది. వేరేవాళ్ల రివ్యూలు నీ మొదటి డ్రాఫ్ట్ పూర్తయ్యేదాకా తెరవకు. రెండు సినిమాల ముగింపుల గురించి రాయాలనుకుంటే పేరా మొదట్లోనే హెచ్చరించు. పాత సినిమా చూడని పిల్లలు చాలామంది ఉన్నారు, ఎలినార్ కారెక్కినప్పుడు వాళ్ల గుండె కొట్టుకునే హక్కు వాళ్లది.

డ్రాఫ్ట్ పంపేటప్పుడు ఎంత పొడవుందో చూడకు. రీమేక్‌లో నీకు నచ్చిన సీన్ గురించి ఎన్ని వాక్యాలు రాశావో, నచ్చనిదాని గురించి ఎన్ని రాశావో మాత్రం ఒకసారి చూసుకుని పంపు. మొదటిది మరీ తక్కువుంటే ఆ సీన్ మళ్లీ పెట్టుకుని చూడు.

ఆశీస్సులతో,
నీ బాబాయి