చరిత్ర మేడమ్‌ని అడగండి: వారసత్వ వారంలో ఏ మ్యూజియంకి వెళ్దాం?

ప్రశ్న: మేడమ్ గారూ, నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలని మా అబ్బాయికి బళ్ళో చెప్పారట. ఎక్కడికైనా తీసుకెళ్ళమని ఒకటే గొడవ. సాలార్‌జంగ్ మ్యూజియం ఇదివరకే చూశాం. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో చిన్న మ్యూజియం ఉందని విన్నాం. నాలుగు కుండపెంకులు చూసి పిల్లలు పది నిమిషాల్లో ఇంటికెళ్దాం అంటారేమోనని మా వారి టెన్షన్. వెళ్ళమంటారా?
- ఒక తల్లి, పటాన్‌చెరు

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ నా విద్యార్థుల్ని ముందుగా తీసుకెళ్ళింది అక్కడికే. సాలార్‌జంగ్‌లో ఉన్నవి దేశదేశాల నుంచి సేకరించి తెచ్చిన వస్తువులు. కొండాపూర్‌లో మీరు చూసేవాటిలో ఎక్కువ భాగం ఆ ఊరి దిబ్బలో దొరికినవే. మ్యూజియం చూశాక ఆ దిబ్బ మీదికి కూడా వెళ్ళి రావచ్చు. ఊళ్ళోవాళ్ళు దాన్ని కోటగడ్డ అంటారు. నిజాం కాలంలో, 1940 తర్వాత అక్కడ పెద్ద ఎత్తున తవ్వితే శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. ఇటుక కట్టడాలు, పూసలు, గాజులు, మట్టిబొమ్మలు, రాశులకొద్దీ నాణేలు దొరికాయి. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. సముద్రం ఛాయలే లేని మన మెదక్ ప్రాంతానికి రోమ్ నాణెం ఎలా వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న దారిలో కార్లోనే మీ అబ్బాయిని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు, వాణ్ణే ఆలోచించనివ్వండి.

పిల్లలు విసుక్కునేది వస్తువులు చిన్నవనో పాతవనో కాదు. అన్నీ చూడమని మనం తొందర పెడతాం, అందుకు. ప్రతి బీరువా ముందూ నిలబెట్టి లేబుళ్ళు చదివించకండి. తెల్లకాగితం, పెన్సిలు చేతికిచ్చి, నచ్చిన ఒక్క వస్తువు బొమ్మ వేయమనండి. నాణేలైతే ఇంకా మంచిది. శాతవాహనుల నాణేల మీద ఒక గుర్తు కనిపిస్తుంది: కూడిక గుర్తులాంటి రెండు గీతలు, నాలుగు కొసల్లో నాలుగు సున్నాలు. దాన్ని ఉజ్జయిని చిహ్నం అంటారు. అది ఎన్ని నాణేల మీద ఉందో లెక్కపెట్టమంటే మీ వాడు అద్దానికి ముక్కు ఆనించి మరీ చూస్తాడు. ఇంకొన్నిటి మీద ఏనుగు ఉంటుంది. రోమ్ నాణెం నమూనాలో మట్టితో చేసి, మెడలో వేసుకునే వీలుగా తయారుచేసిన బిళ్ళలు కూడా కొండాపూర్ తవ్వకాల్లో దొరికాయి. మన రోల్డ్‌గోల్డ్ గొలుసు లాంటివన్నమాట. బంగారం కొనలేనివాళ్ళకూ సోకు ఉండేదని ఆ మట్టిబిళ్ళ చెబుతుంది. రాజుల పేర్లకన్నా నాకు ఇష్టమైన సంగతి ఇది.

అక్కడి అటెండరుతో తప్పక మాట్లాడండి. చిన్న మ్యూజియంలో ఉన్న సుఖం అదే. జనం తోసుకోరు, అడిగితే ఆగి చెప్పేవాళ్ళు ఉంటారు. లేబుల్ మీద లేని సంగతులు, ఫలానా బొమ్మ ఏ వైపు దొరికింది, వానాకాలంలో దిబ్బ మీద ఏమేం పైకి తేలతాయి, ఇలాంటివి నాకు చెప్పింది అటెండర్లే. అలా పైకి తేలిన పెంకు కనబడినా పిల్లల్ని జేబులో వేసుకోనివ్వకండి. ఎక్కడ దొరికిందో తెలియకపోతే అది చరిత్రకు పనికిరాదు.

రెండు జాగ్రత్తలు. ఇది కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం, శుక్రవారం సెలవు. వారోత్సవాల్లో ఒక శుక్రవారం ఎలాగూ పడుతుంది, చూసుకుని బయల్దేరండి. ఫోన్‌లో దారి వెతికేటప్పుడు హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్‌ కాకుండా సంగారెడ్డి జిల్లా కొండాపూర్ ఎంచుకోండి.

ప్రశ్న: అమరావతి శిల్పాలన్నీ లండన్‌కీ చెన్నైకీ తరలిపోయాయి కదా, ఇంకా అక్కడి మ్యూజియంలో చూడ్డానికేముంది?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ బాధ నాకూ ఉందండీ. బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా అమరావతి శిల్పాలున్నాయి, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో మరెన్నో. అంతకుముందే చాలా ఫలకాలు కట్టడాలకు రాళ్ళుగా పోయాయి, కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. 1798 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ చూసేనాటికే, ఈ శిల్పాలున్న బౌద్ధ స్తూపం ఛిద్రమవుతోంది.

అందుకే మిగిలినవాటిని వదిలేయకూడదంటాను. గుంటూరులో ఉండి చూడకపోవడం అన్యాయం. లండన్‌లో దీపాల వెలుగులో ఉన్న రాయికి ఈ చోటు లేదు. స్థానికులు దీపాలదిన్నె అని పిలుచుకున్న స్తూపం ఇక్కడే ఉంది, పక్కనే కృష్ణ పారుతోంది, ఆ లేత రంగు సున్నపురాయి వచ్చిన పల్నాడు ఇక్కడికి దగ్గరే. ముందు మ్యూజియం, తర్వాత స్తూపం, ఈ వరసలో చూడండి. తామరల చెక్కడం కంటిలో నిలిచాక స్తూపం దగ్గరికి వెళితే, బోడిగా ఉన్న ఆ దిబ్బకు రాతి కంచె ఎలా ఉండేదో మనసులో కట్టుకోగలరు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం అమరావతి శిల్పాల నుంచి తీసుకున్నదే. మీ ఇంట్లోని ఏదో ఒక ప్రభుత్వ కాగితం మీద అది ఉండే ఉంటుంది. వెళ్ళేముందు ఒకసారి తీసి చూసుకోండి. ఇక్కడా శుక్రవారమే సెలవు.

ప్రశ్న: మేడమ్, నేను బీఏ చదువుతున్నాను. రాజమహేంద్రవరంలో ఒక్క రోజే ఉంటాను. ఏం చూడాలి?
- ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాల, బాబూ. సమయం మిగిలితేనే తక్కినవి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కుర్రాడైన రామారావు బొమ్మల్లోని పనితనం చూసి ప్రోత్సహించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్ళేలా చేశాడు. తిరిగొచ్చి సొంతూళ్ళో చిత్రకళ నేర్పించాడు రామారావు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆయన వేసిన గోదావరినీ ఆడవాళ్ళనూ అదే ఊళ్ళో చూడగలగడం మన అదృష్టం. గోదావరి గట్టు మీద రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం నీకు తిరుగు దారిలోనే తగులుతుంది, గోదావరి మీద కాటన్ దొర కట్టించిన, 1852లో పూర్తయిన ఆనకట్ట కథ అక్కడ చూడొచ్చు. ఇవి కేంద్ర శాఖవి కావు కాబట్టి సెలవు రోజులు వేరుగా ఉండొచ్చు, ముందురోజే కనుక్కో. చిత్రశాలకు మాత్రం పొద్దున్నే వెళ్ళు, కాళ్ళు అలిసిపోకముందు.