కాటమరాజు నవల రాస్తున్న అమ్మాయికి

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. గొల్లల నాయకుడు కాటమరాజుకూ నెల్లూరు రాజుకూ పాలేటి ఒడ్డున జరిగిన యుద్ధం బాగా వచ్చింది. కానీ ఉత్తరంలో "చరిత్ర పుస్తకాలన్నీ అయిపోయాయి, ఇక రాయడమే" అన్నావు. అయిపోలేదు. ఇంకోసారి చదువు. మొదటిసారి ఎవరు గెలిచారా అని ఆత్రంగా చదువుతాం. రెండోసారి ఎవరు చెబుతున్నారో చూడాలి.

ఆ రాజు మనుమసిద్ధి పదమూడో శతాబ్దంలో నెల్లూరు ఏలాడన్నదానికి శాసనాలున్నాయి. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణం ఆయనకే అంకితమిచ్చాడు. అక్కడిదాకా నిక్కచ్చిగా రాసుకో. ఆయన సేనాని ఖడ్గ తిక్కన యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే భార్య స్నానానికి మంచం అడ్డంపెట్టి పసుపుముద్ద ఉంచిందన్నది మాత్రం చాటువుల్లోని మాట. వాడుకో, కాదనను. శాసనం పక్కన సమానంగా కూర్చోబెట్టకు, అంతే.

ఇక అసలు సంగతి. గొల్లల కథలు చెప్పే కొమ్ములవాళ్లు పాడే కాటమరాజు కథలో గొడవంతా పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, దగ్గర మొదలవుతుంది. కరవొచ్చి ఆలమందలు నెల్లూరు బీళ్లకు దిగాయి, మేపుకున్నందుకు కోడెదూడలు ఇస్తామని ఒప్పందం. తర్వాత రాజు పక్షంవాళ్ల చిలుక ఒకటి చచ్చింది, దానికి పగగా ఆవుల్ని చంపించారు, గొల్లలు పుల్లరి ఆపేశారు. పుల్లరి ఎగ్గొట్టారని రాజు పక్షం అంటుంది. ఆవుల్ని చంపాక ఇంకా పుల్లరేమిటని గొల్లల పక్షం అడుగుతుంది. నీ అధ్యాయాల్లో కత్తులు బోలెడున్నాయి, గడ్డి మాత్రం ఎక్కడా లేదు.

నా పాత పుస్తకాల్లో పెన్సిల్ గీతలన్నీ యుద్ధాల కిందే ఉన్నాయి. పుల్లరి అన్న మాట పక్కన ఒక్కటీ లేదు. కనిగిరి వైపు నుంచి వరిగడ్డి కోసం బండ్లు కట్టుకుని వచ్చి, మోపు ధర దగ్గర గంటసేపు బతిమాలే రైతుల్ని చూశాక ఆ పేజీ వేరేగా చదువుకున్నాను.

ఇంకో మాట. 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు తిరగేసేటప్పుడు పాత జిల్లా మ్యాపు పక్కన పెట్టుకో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాకు వెళ్లాయి. ఈ సంగతి తెలీక కనిగిరి శాసనం దొరకలేదని టెన్షన్ పడేవాళ్లున్నారు.

తర్వాతి అధ్యాయం ఇప్పుడే పంపకు. ముందు మంద దిగిన రోజు రాయి: ఎవరు లెక్కపెట్టారు, ఏ కోడెను ఎంచారు, ఇచ్చేవాడు ఏమని గొణిగాడు.