వాక్యం బాగా చెబుతాను, కానీ కోపం ఆపుకోలేను

ప్రశ్న: మా చర్చి సంఘంలో యూత్ లీడర్‌ని. బైబిలు వాక్యం బాగా చెబుతానని అందరూ మెచ్చుకుంటారు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం భరించలేను. మొన్న ఖర్చుల లెక్క అడిగిన కుర్రాణ్ణి అందరి ముందూ కసిరేశాను. 'స్టేజీ మీద మాట్లాడే మనిషి ఇంటికెందుకు రాడు?' అని నా భార్య అడిగింది. ఈ బాధ్యత వదిలేయడం మంచిదా?

జవాబు: మీ భార్య అడిగినదానికి మీరేం చెప్పారో రాయలేదు. బహుశా ఏమీ చెప్పి ఉండరు. రాజీనామా సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆమెతో కూర్చోండి.

బైబిల్లో సంఖ్యాకాండం 20వ అధ్యాయం ఇంకోసారి చదవండి. దాహంతో ఉన్న జనానికి నీళ్లు వచ్చేలా బండతో మాట్లాడమని దేవుడు చెబితే, వాళ్ల నాయకుడు మోషే జనాన్ని తిట్టి, బండను కర్రతో రెండుసార్లు కొట్టాడు. అయినా నీళ్లు పుష్కలంగా వచ్చాయి. జనం తాగారు, పశువులూ తాగాయి. చూసినవాళ్లకు ఆయన సేవలో లోపమేమీ కనబడి ఉండదు. కానీ దేవుడు ఆ జనానికి ఇస్తానన్న వాగ్దాన దేశంలో అడుగుపెట్టే అవకాశం ఆయనకు ఆ రోజే పోయింది. అదే గ్రంథం 12వ అధ్యాయం ఆయన్ని అందరికంటే సాత్వికుడు అంటుంది. అంతటివాడికే తప్పలేదు. మీ ప్రసంగం విని పదిమంది కన్నీళ్లు పెట్టుకున్నా, ఇంట్లో మీ కోపం సంగతి అలాగే ఉంటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం కూడా సంఘాన్ని నడిపే అధ్యక్షుడు కొట్లాడేవాడు కాకూడదంటుంది, ఇంటిని ఎలా చక్కబెట్టుకుంటున్నాడో చూడమంటుంది.

ఆ కుర్రాడి విషయానికొద్దాం. అందరి ముందూ కసిరారు కాబట్టి అందరి ముందే క్షమాపణ అడగాలి. పక్కకు పిలిచి భుజం తట్టి 'మనసులో పెట్టుకోకు తమ్ముడూ' అంటే చాలదు. 'నువ్వు లెక్క అడగడం న్యాయమే, నేను కసరడం తప్పు' అని ఆ రెండు ముక్కలూ చెప్పి ఆగండి. పని ఒత్తిడి, నిద్రలేమి లాంటివి ఎత్తకండి, 'కానీ' అన్నారంటే క్షమాపణ కాస్తా వాదన అయిపోతుంది. ఆ వెంటనే లెక్కల పుస్తకం అతని చేతిలో పెట్టండి. ఇకపై డబ్బు సంగతి మీతో పాటు ఇంకో ఇద్దరు చూడటం మీకే మంచిది.

ఇంట్లో క్షమాపణ చెప్పేస్తే సరిపోదు. ఆమెకు నమ్మకం కుదరడానికి నెలలు పట్టొచ్చు, తొందరపెట్టకండి. 'క్షమించమని వాక్యం చెబుతోంది కదా' అని ఆమెకు బోధించడం అసలే వద్దు. విశ్వాసులైన భర్తలు ఈ తప్పు తరచూ చేస్తారు, అది నాకు మహా చిరాకు. కోపంలో ఎప్పుడైనా చేయి చేసుకుని ఉంటే మాత్రం వెంటనే బాధ్యత నుంచి తప్పుకోండి, పెద్దలకు చెప్పండి, వృత్తి నిపుణుల సాయం తీసుకోండి. అప్పుడు ఆమె భద్రతే ముఖ్యం.

అలాంటిదేమీ లేకపోతే, సిగ్గుతో ఇప్పుడే రాజీనామా చేయకండి. క్షమాపణ అడగకుండా తప్పించుకోవడానికి కూడా చాలామంది రాజీనామా చేస్తారు. పాస్టర్ గారికి జరిగిందంతా చెప్పండి. కొన్నాళ్లు వాక్యం చెప్పడం ఆపమంటే ఆపండి. మీ ముఖం మీదే 'ఇది తప్పు' అనగల పెద్దాయన్ని ఒకరిని చూసుకుని, నెలకోసారి కలవండి. ఆయన మీ భార్యను కూడా విడిగా అడిగి తెలుసుకునేలా ఇప్పుడే ఒప్పుకోండి.