మంగమారిపేట నుంచి భీమిలి దాకా నడిపించబోతున్న మేనకోడలికి

చిరంజీవి సుధకి మావయ్య ఆశీస్సులు.

జనవరిలో నలభై మంది కాలేజీ పిల్లల్ని విశాఖ దగ్గరి మంగమారిపేట నుంచి భీమిలి దాకా ఒడ్డమ్మట నడిపిస్తావనీ, దారిలో నిధి వేట కూడా పెట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. బీచ్ రోడ్డు మీద కార్లలో దూసుకుపోయేవాళ్ళకి ఈ తీరం సంగతి ఎన్నేళ్ళైనా తెలియదు. నడిచేవాళ్ళకే తెలుస్తుంది. నువ్వు వేసుకున్న కార్యక్రమం కాగితం కూడా మీ అమ్మే పంపింది. అది చదివాక సంతోషం పక్కన భయం వచ్చి కూర్చుంది.

పద్నాలుగు మజిలీలేమిటే? లెక్క వేశావా? దూరం పది కిలోమీటర్లకి అటూ ఇటూ. మెత్తని ఇసకలో గుంపు గంటకి మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. నడకకే మూడున్నర గంటలు. మజిలీకి పావుగంట చొప్పున ఇంకో మూడున్నర. ఏడు గంటలంటే సముద్రం పాటు (నీరు వెనక్కి తగ్గడం) నుంచి పోటుకి (నీరు ముందుకి రావడం) పూర్తిగా మారిపోయేంత సేపు. పొద్దున్న నడిచి వచ్చిన ఇసక మధ్యాహ్నానికి నీళ్ళ కింద ఉంటుంది. మజిలీలు ఏడుకి కుదించు. పొద్దున్నే బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ ఎక్కించి, మంగమారిపేటలో దింపి, అక్కణ్ణుంచి ఎర్రమట్టి దిబ్బల దాకా బస్సులో తీసుకెళ్ళు. మిగతా నాలుగైదు కిలోమీటర్లూ నడిపించి భీమిలిలో చేర్చు. మధ్యలో బస్సెక్కించడం నామోషీ ఏమీ కాదు.

సముద్రం విషయం. తేదీ ఖాయం చేశాక పోటు పాట్ల పట్టిక చూడటం కాదు, పట్టిక చూశాకే తేదీ ఖాయం చెయ్యాలి. పాటు నుంచి పోటుకి ఆరుగంటల పావు దాకా పడుతుంది. ఈ రోజు తొమ్మిదింటికి పాటు పడితే రేపు దాదాపు పది అవుతుంది. రోజుకి యాభై నిమిషాల తేడా. అమావాస్య, పున్నమి రోజుల్లోనూ ఆ తరవాత ఒకటి రెండు రోజులూ విశాఖ తీరంలో పోటుకీ పాటుకీ మధ్య తేడా మీటరున్నర దగ్గరికి వస్తుంది. అష్టమి, నవమి దగ్గర అందులో సగం కూడా ఉండదు. మంగమారిపేట దగ్గర సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది చూడు, అది చూపించాలంటే పెద్ద పాటు కావాలి. ఆ పాటు నీ ఆదివారం పొద్దున్నే పడుతుందని అనుకోకు. విశాఖ పోర్టు లెక్కతో ఇచ్చిన పట్టికే చూడు, చెన్నైది చూస్తే నిమిషాలు తేడా వస్తాయి. పాటుకి గంటన్నర ముందు రాళ్ళ దగ్గరికి చేరాలి, పాటు తిరిగిన గంటలోపు అందరూ పొడి ఇసక మీద ఉండాలి. నాచు పట్టిన రాయి మీద ఎవరినీ ఎక్కనివ్వకు. తోరణాన్ని దూరం నుంచి చూస్తే చాలు, దాని కింద ఫోటోలొద్దు.

నీళ్ళలోకి ఎవరూ దిగకూడదు. మోకాళ్ళ దాకా అని బేరం పెడతారు, ఒప్పుకోకు. మన ఒడ్డు చాలాచోట్ల నాలుగడుగులు వేసేసరికి లోతైపోతుంది, వెనక్కి లాగే నీరు పైకి కనపడదు. ఈతొచ్చినవాళ్ళే ధైర్యం చేసి దిగుతారు కాబట్టి వాళ్ళ మీదే ఎక్కువ కన్నుండాలి. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఇసక తిన్నె గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, అంచు మీద కాలు పెడితే జారిపోతుంది. నీ నడక గంటస్తంభం దగ్గరే ఆపెయ్. ఏటి మొగ దాకా వద్దు.

ఇక అసలు విషయానికొస్తాను. కాగితంలో ఐదుచోట్ల "ఇసకలో పాతిపెట్టిన సీసా" అని రాశావు. ఇలాంటి ఆటలు పెట్టేవాళ్ళందరూ చేసే పాత తప్పు ఇదే. ఎందుకు తప్పో విడమరిచి చెబుతాను, విసుక్కోకుండా చదువు.

ముందు రోజు సాయంత్రం పాతిన సీసా పొద్దున్నకి పాతినచోట ఉండదు. రాత్రి పోటు అల అందుకుంటే తీసుకుపోతుంది. అందని చోట పాతితే కుక్కలు తవ్వుతాయి, లేదా ఊరి పిల్లలు పొద్దున్నే ఆడుకుంటూ తీసేస్తారు. వాళ్ళ తప్పేం లేదు, అది వాళ్ళ వాకిలి. గుర్తు కోసం "మూడో పడవ పక్కన" అని రాస్తావు. నీ పిల్లలు వచ్చే వేళకి ఆ పడవ సముద్రంలో ఉంటుంది. దొరకని సీసా కోసం ఐదుగురు పిల్లలు పది చోట్ల తవ్వుతారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడతాయి. పోటు గీతకి పైన, మూరెడు లోతులో, ఒక్కో గూట్లో నూరు గుడ్ల దాకా ఉంటాయి. పైనుంచి చూస్తే ఇసకే. నువ్వు సీసా పాతడానికి ఎంచుకునే చోటే తాబేలూ ఎంచుకుంటుంది. ఒక్క పార పోటుకి గూడు పోతుంది. అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. మన వైపు గుప్తనిధుల పిచ్చి నీకు తెలియనిది కాదు. పాత గుడి, పాత సమాధి, పాత కోట కనిపిస్తే రాత్రిపూట గునపాలు పట్టుకెళ్ళేవాళ్ళున్నారు, దొరికితే కేసులూ ఉన్నాయి. తొట్లకొండ, భీమిలి పావురాలకొండ, అక్కడి డచ్చివాళ్ళ సమాధుల తోట, వీటి చుట్టూ నలభై మంది కాగితాలు పట్టుకుని "నిధి ఎక్కడ, నిధి ఎక్కడ" అని తిరిగితే ఊళ్ళోవాళ్ళేమనుకుంటారు? సాయంత్రానికి ఊరంతా కబురు పాకుతుంది. నీ పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోతారు. వారం తరవాత ఎవడో ఆ కబురు నమ్మి గునపంతో వస్తాడు. నువ్వు ఏ పాపం చెయ్యకపోయినా ఆ సమాధి పగిలేది నీ ఆట వల్లే. భూమిలో పది రూపాయల విలువ మించినదేది దొరికినా కలెక్టరుకి తెలియజెయ్యాలని 1878 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ ఉంది. ఆట అంటే పోలీసులు నవ్వి వదిలేస్తారనుకోకు. అందుకే పోస్టరు మీదా, ఊళ్ళోనూ నిధి అనే మాటే ఎత్తకు. గుర్తుల వేట అను, ఏదో ఒకటి అను. భీమిలి స్టేషన్లో ముందే ఒక కాగితం ఇచ్చి రా.

కాబట్టి నియమం ఒక్కటే పెట్టుకో. తవ్వేది, ఎత్తేది, దూర్చేది, అంటించేది ఏదీ ఉండకూడదు. జవాబు కంటితో చూసి రాసుకోవాలి, లేదా మనిషిని అడిగి తెలుసుకోవాలి. సమాధుల పగుళ్ళలో చీటీలు దూర్చాలనుకున్నావు, అది కొట్టెయ్. ఉప్పుగాలికి సున్నం ముందే పొడిపొడిగా ఉంది, చీటీ లాగే వేలికి ఇంకాస్త రాలుతుంది. నిలబడ్డచోటి నుంచి, ముట్టుకోకుండా చదవగలిగిన అక్షరమే నీకు ప్రశ్న. నువ్వెళ్ళి చదివి చూసుకో, పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మి ప్రశ్న రాస్తే రాతి మీద ఆ అంకె చెరిగిపోయి ఉండొచ్చు.

ప్రశ్నలకి కొదవేముంది! తొట్లకొండ మీద రాతిలో తొలిచిన తొట్లున్నాయి. కింద అంతా ఉప్పునీరు, పైన అంతమంది బౌద్ధ భిక్షువులు, తాగడానికి నీళ్ళెక్కడివని అడుగు. వానొచ్చినప్పుడు నీరెటు పారి తొట్టిలోకి దిగుతుందో పిల్లల్నే వెతకనీ. ఆ చోటు 1976లో నౌకాదళం వాళ్ళు పై నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది. తవ్వకాలు 1988 నుంచి 1993 దాకా జరిగాయి. ఎర్రమట్టి దిబ్బల్లో ఇసకకి ఆ రంగు ఇనుము తుప్పు వల్ల వచ్చింది. అక్కడ వేట మాత్రం వద్దు. సందులన్నీ ఒకేలా ఉంటాయి, పిల్లలు తప్పిపోతారు, గోడల అంచులు విరిగి పడతాయి. గుప్పెడు మట్టి కూడా తీసుకెళ్ళనివ్వకు. భీమిలిలో మునిసిపాలిటీ 1861లో ఏర్పడింది, ఊరు డచ్చివాళ్ళ చేతిలోంచి 1825లో ఇంగ్లీషువాళ్ళకి పోయింది. ఈ రెండు అంకెలతో ఒక లెక్క ప్రశ్న కట్టు. భీముడు బకాసురుణ్ణి చంపిన చోటనే కథ కూడా చెప్పు, కానీ అది చెప్పుకునే కథ అని చెప్పు.

అన్నిటికన్నా మంచి ప్రశ్న జాలర్ల దగ్గరే ఉంది. జీపీఎస్ రాకముందు చేపలుండే చోటుని వాళ్ళెలా గుర్తుపెట్టుకునేవారు? ఒడ్డున దగ్గరగా ఉన్న గుర్తు ఒకటి, దాని వెనక దూరంగా ఉన్న కొండ ఒకటి. రెండూ ఒకే వరసకి వచ్చేదాకా తెప్ప నడిపేవారు. ఇంకోవైపు మరో జత. రెండు వరసలూ కలిసేచోటే వల. నడిసముద్రంలో గీత లేదు, రాత లేదు, మళ్ళీ వారం తరవాత అదే చోటికి వచ్చేవారు. ఆ తెప్పలూ పోయాయి, ఆ గుర్తులు చెప్పే ముసలివాళ్ళూ ఒక్కొక్కరే పోతున్నారు. అడిగేవాళ్ళు ఉంటే ఇప్పటికీ చేత్తో గాల్లో గీసి చూపిస్తారు. నీ పిల్లలకి ఒడ్డు మీదే ఆ ఆట పెట్టు. "దీపస్తంభం పావురాలకొండ కొసకి సరిగ్గా ముందుకొచ్చేదాకా నడువు" అని రాస్తే చాలు. కాగితం అక్కర్లేదు, పార అక్కర్లేదు. నువ్వు ముందు నడిచి, ఆ వరస నిజంగా ఎక్కడ కుదురుతుందో, మధ్యలో ఏ మేడ అడ్డమొస్తుందో చూసుకో.

ఊళ్ళోకి వెళ్ళే పద్ధతి నీకు చెప్పాలా? అయినా చెబుతాను. రెండు వారాల ముందు పెద్దల్ని కలువు, ముందు రోజు సాయంత్రం మళ్ళీ కలువు. ఊళ్ళో చావు జరిగినా, సముద్రంలోకి వెళ్ళిన పడవ తిరిగి రాకపోయినా ఆ ఊరు వదిలేసి వేరే మజిలీకి పోవాలి, అందుకని అదనంగా ఒకటి సిద్ధంగా ఉంచుకో. ఆరేసిన వల మీంచి దాటొద్దు, పడవ మీద చెప్పులతో ఎక్కొద్దు. ఎండబెట్టిన నెత్తళ్ళ పక్కనుంచి నడిచేటప్పుడు ఇసక ఎగరగొట్టొద్దు, అది వాళ్ళ బియ్యం డబ్బు. పొద్దున్న పడవలు వచ్చి వేలం జరిగే వేళ ఆడవాళ్ళకి క్షణం తీరదు, ఆ గంటలో ప్రశ్నలడగనివ్వకు. జవాబు చెప్పడానికి కూర్చునే మనిషికి పూట కూలి ముందే మాట్లాడి ఇవ్వు. ఆఖరున బహుమతి అంటే ఊళ్ళోనే డబ్బిచ్చి వండించిన చేపల పులుసు భోజనం పెట్టు, పెట్టెలో ప్లాస్టిక్ బొమ్మలకన్నా నయం.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఐదుగురికో జట్టు, జట్టుకో పెద్దమనిషి, జట్టుకీ జట్టుకీ పది నిమిషాల ఎడం. ప్రతి మజిలీలో తలలు లెక్కపెట్టు. ఫోన్లో 108తో పాటు తీర పోలీసుల 1093 కూడా రాసి ఉంచుకో.

ఉత్తకాళ్ళతో ఎవరినీ నడవనివ్వకు. వలల్లోంచి ఏరి పారేసిన జెల్లల ముళ్ళు, టేకు చేప తోకలు ఇసకలో పడి ఉంటాయి. చేప ఎండిపోయినా ముల్లులో విషం ఉంటుంది, కాలు మండిపోతుంది. ఐసు పెట్టకు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంట నుంచి గంటన్నర ఉంచాలి, వేడికి ఆ విషం విరుగుతుంది. నీళ్ళు ఎంత వేడో ముల్లు గుచ్చుకున్నవాళ్ళు చెప్పలేరు, నువ్వు నీ చెయ్యి పెట్టి చూడు. లోపల విరిగిన ముల్లుని కెలక్కుండా డాక్టరుకి చూపించి టెటనస్ సూది వేయించు. రెండు పెద్ద ఫ్లాస్కులు, ఒక బకెట్టు బస్సులో ఉండాలి. ఇది మాత్రం మర్చిపోతే నేను ఊరుకోను.

ముందు రోజు రాత్రి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ అలల హెచ్చరిక చూడు, పొద్దున్న ఐదింటికి ఒడ్డుకెళ్ళి పడవలు దిగాయో లేదో చూడు. పడవలు దిగని రోజు నువ్వూ ఒడ్డుకి దింపొద్దు, భీమిలి ఊళ్ళో మాత్రమే తిప్పి పంపెయ్. అలా మారొచ్చని నాలుగు రోజుల ముందే అందరికీ రాసి పెట్టు. లేకపోతే ఆ పొద్దున్న నలభై మంది మొహాలు చూసి కాదనలేవు, నీ మనసు నాకు తెలుసు. నీకు నోరు రాకపోతే నా పేరు చెప్పు, మావయ్య ఒప్పుకోలేదని చెప్పు.

ఇట్లు,
మావయ్య