చెప్పాలి, కానీ మీ చెల్లెలే చెప్పాలి

మీరు అడిగింది ఇదీ. చెల్లెలికి తలసీమియా మైనర్ అని రక్త పరీక్షలో తేలింది. సంబంధాలు చూస్తున్నారు. పెద్దవాళ్లేమో "నోరెత్తకండి, పెళ్లయ్యాక చూసుకోవచ్చు" అంటున్నారు. అన్నగా మీకు మనసొప్పడం లేదు. దాస్తే మోసం, చెప్తే పిల్లకి పెళ్లవదేమో అని భయం.

నేను డాక్టర్ని కాదు. అమలాపురం దగ్గర మాకు కొబ్బరి వ్యాపారం. కానీ ఈ మైనర్ నాకు ఉంది, మా అబ్బాయికి ఉంది. మా అన్నయ్య ఇంట్లో నలుగురుంటే ఆ నలుగురి రక్తంలోనూ ఉంది. పైగా ఇదే విషయంలో నోరు జారి ఒక ఆడపిల్ల సంబంధం చెడగొట్టినదాన్ని. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు ఇంట్లోవాళ్ల టెన్షన్ సంగతి. మైనర్ అంటే తలసీమియా అనే రక్త జబ్బు తాలూకు జన్యువు ఒక్క వైపు నుంచే రావడం, అది జబ్బు కాదు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురికి ఉంటుందని అంచనా. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగా కనిపిస్తుంది, అంతే. నాకు నలభై దాటేదాకా ఉందని తెలీనే తెలీదు. చిక్కల్లా మొగుడికీ పెళ్లానికీ ఇద్దరికీ ఉన్నప్పుడే. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి మేజర్, అంటే పదేపదే రక్తం ఎక్కించాల్సిన అసలు జబ్బు, వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "ఒకడికి వచ్చేసిందిగా, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అని మా పెద్దమ్మ లెక్క చెప్పేది. అలా కాదు, ప్రతిసారీ గవ్వలు కొత్తగా వేసినట్టే. ఒక్కరికే ఉండి రెండోవాళ్ల రిపోర్టు శుభ్రంగా ఉంటే మేజర్ భయం లేదు.

అన్నయ్యది మేనరికం. మా మేనమామ కూతురే మా వదిన. తెలిసిన ఇల్లు, తెలిసిన మనుషులు, పిల్ల కళ్ల ముందే ఉంటుంది. మా వైపు దాన్ని తప్పనుకున్నవాళ్లు లేరు, నేనూ అనుకోలేదు. మొదట ఆడపిల్ల, ఆరోగ్యంగా పుట్టింది. రెండోవాడికి ఎనిమిదో నెల వచ్చేసరికి మొహం పాలిపోయింది, పాలు పట్టడం మానేశాడు. ఊళ్లో డాక్టరు రక్తం తక్కువని ఐరన్ టానిక్ రాస్తే నెలల తరబడి పోశాం. వాడికి పొయ్యకూడనిది సరిగ్గా అదేనట. చివరికి కాకినాడలో హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చేస్తే బయటపడింది.

ఇప్పుడు వాడికి పదిహేడేళ్లు. మూడు వారాలకోసారి ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వెళ్లి రక్తం ఎక్కించుకుని వస్తాడు. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము ఒంట్లో పేరుకుపోయి గుండెనీ కాలేయాన్నీ పాడుచేస్తుంది కాబట్టి రోజూ మాత్ర వేసుకోవాలి. పొద్దున్నే పరగడుపున వదిన గాజు గ్లాసులో నీళ్లు పోసి ఆ మాత్ర కరిగేదాకా కలుపుతుంది. వాడు ఫోన్ చూసుకుంటూ తాగేస్తాడు. అడుగున తెల్లటి మడ్డి మిగిలిపోతుంది. మళ్లీ కాసిని నీళ్లు పోసి, తిప్పి, అదీ తాగిస్తుంది. ఆ రెండో గ్లాసు దగ్గరే రోజూ గొడవ.

ఒకసారి వార్డులో పక్క మంచం ఆవిడ అడిగింది, "కడుపులో ఉన్నప్పుడు టెస్టు చేయించుకోలేదా అమ్మా?" అని. పరీక్ష ఉంది. మూడో నెలలో మావి నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఆడా మగా చెప్పకూడదని 1994లో తెచ్చిన చట్టం కూడా ఇలాంటి రక్త జబ్బుల కోసం చేసే పరీక్షని ఆపలేదు. మాకు అప్పట్లో తెలీదు, అంతే. వదిన కొంచెంసేపు ఊరుకుని, "చేయించుకుని ఉంటే వీడు ఉండేవాడు కాదు కదండీ" అంది. వాడు అటు తిరిగి పడుకుని ఉన్నాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. అందులో పాట నడుస్తోందో ఆగి ఉందో నాకు తెలీదు. ఈ టెస్టుల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఆ మంచమే గుర్తొస్తుంది. టెస్టు వద్దని కాదు, మా వదిన కూడా వద్దనదు.

సరే, వీడి సంగతి తెలిశాక డాక్టరు ఇంటిల్లిపాదినీ పరీక్ష చేయించుకోమన్నారు. రిపోర్టులో ఏ2 అని ఒక అంకె ఉంటుంది, ఆ రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చెప్తుంది. అది మూడున్నర దాటితే మైనర్ అని అనుమానిస్తారు. నాది 5.2. మా అబ్బాయిదీ ఐదు పైనే. మేనకోడలిదీ అంతే.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. మేనకోడల్ని మా అబ్బాయికి చేసుకోవాలని మా అమ్మకి ఎప్పటినుంచో ఆశ. ఇద్దరికీ మైనర్ అని తెలిశాక మానుకున్నాం, పిల్లలు కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, అది వేరే సంగతి. తర్వాత రావులపాలెం వైపు ఒక గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల దగ్గర దూరపు చుట్టం ఒకావిడ పదిమందిలో అంది: "బంగారంలాంటి మేనకోడల్ని వదిలేసి బయటి సంబంధాలు చూస్తున్నారట. కట్నం కోసమేనా?" నాకు ఎక్కడో కాలింది. "కట్నం కాదండీ, ఇద్దరి రక్తంలోనూ అదేదో ఉందట, డాక్టరే వద్దన్నాడు" అనేశాను. నా పరువు కాపాడుకున్నాను.

వారం తిరక్కుండా భీమవరం వైపు నుంచి మేనకోడలికి వచ్చిన సంబంధం ఆగిపోయింది. నా మాట అక్కడికి చేరేసరికి "అమ్మాయికి బ్లడ్ కేన్సర్" అయింది. నేను "ఇద్దరికీ" అన్నాను కదా, మా అబ్బాయి గురించి మాత్రం ఎవరూ ఆరా తియ్యలేదు. ఆ ఏడాదే వాడికి మూడు సంబంధాలు వచ్చాయి. ఒకే మాట ఆడపిల్లకి మచ్చ అయింది, మగపిల్లాడి మీద నిలవనే లేదు.

కాళ్లమీద పడినంత పని చేశాను. మేనకోడలు తిట్టలేదు. "నీ గురించి చెప్పుకో అత్తా. నా గురించి నువ్వెందుకు చెప్పావ్?" అంది.

నాకు తెలిసిన నీతి ఆ ఒక్క ప్రశ్నే. మీకు నేను చెప్పగలిగేదీ అందులోనే ఉంది. కాకపోతే పాటించడం కనిపించినంత సులువు కాదు, ఎందుకంటే రక్తం రిపోర్టు ఒక్కరిది కాదు. నాకు ఉందంటే మా అమ్మకో నాన్నకో ఉన్నట్టే. మా చెల్లెలు అసలు పరీక్షే వద్దంది. "తెలిస్తే నాకు నిద్ర పట్టదు" అంది. తెలుసుకోకుండా ఉండటం దాని హక్కు, నేను బలవంతం చెయ్యలేదు. కానీ దాని కూతురికి ఇరవై నిండాయి. చెల్లెలు తన రక్తం మీద తలుపు వేసుకుంటే కూతురి గదికి కూడా తాళం పడుతోంది. చాలా రోజులు ఆలోచించి, ఆ పిల్లకి ఫోన్ చేసి, "నాకు మైనర్ ఉంది, నీకు ఎప్పుడైనా తెలుసుకోవాలనిపిస్తే ఫలానా టెస్టు" అని మాత్రమే చెప్పాను. వాళ్లమ్మ ఊసెత్తలేదు. నాది నేను చెప్పుకున్నాను. అయినా చెల్లెలు రెండు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడైనా నాకు అది తప్పనిపించడం లేదు.

మేనకోడలి రెండో సంబంధం సంగతి మీకు పనికొస్తుంది. బయోడేటాలో రాయలేదు. పెళ్లిళ్ల పేరయ్యకీ చెప్పలేదు, చెప్తే జిల్లా అంతా తెలిసేది. చూపులయ్యాయి, ఇద్దరూ ఇష్టపడ్డారు. తాంబూలాలు పుచ్చుకోకముందే తనే అబ్బాయికి ఫోన్ చేసి తమ్ముడి సంగతీ తన సంగతీ చెప్పి, మీరూ ఒకసారి టెస్టు చేయించుకోండి అంది. తమ్ముడి గురించి చెప్పే ముందు తమ్ముణ్ణి అడిగింది, అది నాకు నచ్చింది. అబ్బాయి తండ్రికి తెలిసి "మా వంశంలో అలాంటివి లేవు" అని ఎగిరాడట. కుర్రాడు మాత్రం డ్యూటీ నుంచి వస్తూ రాజమండ్రిలో ల్యాబుకి వెళ్లి రక్తం ఇచ్చేశాడు. నార్మల్ వచ్చింది. పెళ్లయి రెండేళ్లు. అత్తగారికి ఇప్పటికీ అసలు విషయం తెలీదు. తెలియాల్సిన పని కూడా లేదని నా అభిప్రాయం. పిల్లల్ని కనేది ఆవిడ కాదు.

కాబట్టి దాచి పెళ్లి చెయ్యడం నాకు ఒప్పుకాదు. కట్టుకునేవాడికి తెలియాలి, తాంబూలాలకి ముందే తెలియాలి, మీ చెల్లెలి నోటితోనే తెలియాలి. అతను వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి. మూడో నెల కడుపుతో ఉన్నప్పుడు తెలిసి తల పట్టుకోవడం కంటే నయం.

సైప్రస్ దీవిలో 1980లలోనే చర్చిలో పెళ్లికి ముందు ఈ టెస్టు చేయించుకున్నట్టు కాగితం అడగడం మొదలుపెట్టారు. ఇద్దరికీ ఉన్నా పెళ్లి ఆపరు, తెలుసుకున్నారా లేదా అన్నదే చూస్తారు. అక్కడ మేజర్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మన దగ్గరా తప్పనిసరి చెయ్యాలనేవాళ్లున్నారు. నాకు భయం. ఇక్కడ కాగితం అమ్మాయినే అడుగుతారు. నన్నడిగితే ముందు మగపిల్లాడు చేయించుకోవాలి. అతనిది శుభ్రంగా ఉంటే అమ్మాయిని సూది గుచ్చి అడగాల్సిన పనే లేదు, తన పేరు నలగదు.

ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇవ్వరేమోనని కూడా ఇంట్లో అంటున్నారని రాశారు. జన్యు సంబంధమైన జబ్బు అన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టెయ్యడం కుదరదని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. మైనర్ అసలు జబ్బే కాదు.

ఇంకో సంగతి, మీరు అడగకపోయినా. మా మేనల్లుడి దగ్గర ఒకసారి పరిశోధనకని అదనంగా ఒక ట్యూబు రక్తం తీసుకున్నారు. ఇంగ్లీషు ఫారం, అన్నయ్య ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టాడు. పరిశోధన వద్దనను, మావాడు తాగే మాత్ర కూడా అలాగే వచ్చింది. కానీ అమెరికాలో హవాసుపాయ్ అనే తెగవాళ్లు షుగర్ జబ్బు కోసమని నమ్మి రక్తం ఇస్తే, దాన్ని మానసిక జబ్బుల మీదా వాళ్ల పూర్వీకుల రాకపోకల మీదా పరిశోధనకి వాడేశారు. కోర్టుకెక్కితే 2010లో యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగిచ్చింది. మన దగ్గరా ఇది దూరపు సంగతి కాదు. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ అప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు సమయానికి దిగదని శాస్త్రవేత్తలు గుర్తించారు. మత్తు డాక్టరుకి అది తప్పక తెలియాలి. అదే మాట వాళ్లు కొలిచే వాసవీ అమ్మవారి పెనుగొండ కోవెల మెట్ల మీద సంబంధాలు మాట్లాడుకునేవాళ్ల నోట్లో పడితే ఏమవుతుందో భోజనాల దగ్గర నేనన్న మాటకి జరిగింది చూశారుగా. మీకు ఫారం ఇస్తే తెలుగులో చదివి చెప్పమనండి. ఈ రక్తం ఇంకా దేనికి వాడతారో అడగండి.

మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. చెల్లెలి రిపోర్టు ఉంది, అమ్మానాన్నల వాదన ఉంది. మీ టెస్టు మాట ఎక్కడా లేదు. చెల్లెలికి ఉందంటే మీకు ఉండే అవకాశం కనీసం సగానికి సగం. మగపిల్లాడు కదా, ఎవరూ అడిగి ఉండరు. పరగడుపున వెళ్లక్కర్లేదు, ఏ పూటయినా ఇవ్వొచ్చు. ఐరన్ తక్కువగా ఉంటే ఏ2 అంకె తప్పుగా తగ్గి కనిపించొచ్చు కాబట్టి అది కూడా చూడమనండి. రిపోర్టు పంపడానికి ఫోన్ నంబర్ అడుగుతారు, మీ నాన్నగారిది కాకుండా మీదే ఇవ్వండి.